గేటు దగ్గర బండి నంబరు

“బండి నంబరు రాయకుండా లోపలికి పంపను,” అంటూ ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు మీద వేలితో కొట్టాడు.

“నాకు బండే లేదయ్యా! రెండు బస్సులు మారి, ఆపైన మూడు కిలోమీటర్లు నడిచొచ్చాను. పది గంటలకి ఇంటర్వ్యూ. ఇంకా అయిదు నిమిషాలే ఉంది,” అంది ఉద్యోగం కోసం వచ్చిన నర్సు.

“ఈ గడి ఖాళీగా ఉంటే ఆఫీసరు నా తోలు వలుస్తాడు.”

“లేని బండికి నంబరెలా రాయను? పైన దేవుడు చూడడా?”

“దేవుడు మెమోలు ఇవ్వడమ్మా, ఆఫీసరు ఇస్తాడు. పక్కకి జరగండి, కారొస్తోంది.”

అడ్డకర్ర పైకి లేచింది. వాచ్‌మన్ కారు నంబరు రాసుకుని సెల్యూట్ కొట్టాడు. లోపల ఎవరున్నారో చూడనైనా లేదు.

నర్సుకి ఒళ్లు మండింది. “నడిచొచ్చేవాళ్లు మీకు మనుషుల్లా కనబడరా?” అంటూ రిజిస్టరు లాక్కుని మొదటి వరుస చూసింది. “ఇదిగో, ‘వాచ్‌మన్, ఆరింటికి డ్యూటీ’ అని రాసుంది. మీకూ నంబరుందే! ఏదీ ఆ బండి? మీ గది పక్కన గొడుగు తప్ప ఏమీ లేదే!”

అతను చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

“అది మా బావ బండి. అమ్మేసి ఏడాదైంది.”

“మరి మీరెలా వస్తారు?”

“నాలుగున్నరకి బయల్దేరి నడిచొస్తా. ఆ వేళకి బస్సెక్కడిది?”

ఇందులో పాపం ఎవరిదో ఆమెకి తోచలేదు. అతను విసురుగా పెన్ను ఆమె చేతిలో పెట్టాడు.

“చూస్తారేంటి, అదే రాయండి. చివర ఉన్నది మూడు, ఎనిమిది కాదు.”