పెట్రోలు వాసన లేని పాలు

“మునెప్పా, నీ క్యాను ఎత్తుకోని పో. పాలు పెట్రోలు వాసన కొడతాండాయి,” అన్నాడు పుంగనూరు పాలకేంద్రంలో పాలు పోయించుకునే దేవరాజులు, ముక్కు మూసుకుని.

“పెట్రోలు తాగే ఆవు నా కాడ లేదు సార్.”

“నీ మోపెడ్ తాగతాది గదా. దాని ట్యాంకు మూతకి బొక్క ఉండాది. ఆవిరంతా క్యాను మీదికే వస్తాండాది. రేపు గూడా ఇట్లే ఉంటే నీ పేరు కొట్టేస్తా.”

పేరు కొట్టేస్తే ఊరి పాలు వేరేవాడు మోస్తాడు. ఆ పూట మునెప్పకు అన్నం సయించలేదు.

పెట్రోలు ఆవిరిని అరికట్టడానికి పెద్ద పెద్ద ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నారని అప్పట్లో పేపర్లు రాసేవి. మునెప్పకు అంత తీరిక లేదు. చక్కెర తెచ్చిన ప్లాస్టిక్ కవరు మడిచి ట్యాంకు నోటికి అడ్డం పెట్టి, మూత బిగించాడు. చాలదేమోనని బొక్కలో సబ్బు కూరాడు. వంగి వాసన చూశాడు. ఏమీ లేదు. దేశంలో కాలుష్యం ఆ మేరకు తగ్గింది.

మర్నాడు బండి ఊరు దాటగానే దగ్గి ఆగిపోయింది. మూత తీస్తే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. పెట్రోలు నిండుగానే ఉంది. మూత బిగించి తొక్కితే కదిలింది, కొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. లోపలికి గాలి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుందన్న సంగతి ఆయనకు అప్పటికి తలకెక్కింది.

“ఊపిరాడక సస్తాండావా? సావు. వాసన మాత్రం రాగూడదు,” అని బండిని తిట్టాడు. ఆగినచోటల్లా క్యాను దించి దూరంగా పెట్టి, మూత తీసి, దానికి ఊపిరి పోసి, చెమటలు కక్కుతూ కేంద్రం చేరాడు. దేవరాజులు తలుపు వేస్తున్నాడు.

“ఇంతసేపు యాడుండావప్పా?”

“అది అడగొద్దు సార్. వాసన సూడండి. పెట్రోలు తగిలితే మీరే నా పేరు కొట్టేయండి.”

దేవరాజులు క్యాను మూత తీశాడు. రోజూ ఆమడ దూరంలో ఉంచే ముక్కును ఈసారి పాలదాకా దించాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తల ఊపాడు.

“శబాష్. పెట్రోలు వాసన సుక్క గూడా లేదు.”

మునెప్ప ఛాతీ ఉబ్బింది.

“ఇప్పుడు మేకపాల వాసన బాగా తెలస్తాండాది. ఆవుపాలల్లో ఎన్నాళ్ళ నుంచి కలపతాండావప్పా?”