వాతలకు మందు

పక్కింటివాళ్లు మండలాఫీసుకు ఎత్తుకొచ్చిన ఆరేళ్ల రేఖ వీపు నిండా వాతలు. కొన్ని చీముపట్టి గౌనుకు అతుక్కుపోయాయి.

కాకినాడ నుంచి నిన్ననే బదిలీపై వచ్చిన శిశు సంక్షేమాధికారిణి మందు రాస్తూ అడిగింది.

"వాతలు ఎవరు పెట్టారమ్మా? చెబితే వాణ్ని జైల్లో వేయిస్తా."

"అబ్బ."

"మండుతోందా? ఊదుతాలే. మీ నాన్నేనా పెట్టింది?"

"నాయన ఈడ లేడు. బెంగళూరికి పోయినాడు."

"మరెవరు తల్లీ?"

"అబ్బ," అంది పిల్ల.

ఆమె ఇంకా మెల్లగా ఊదింది.

ఎంత అడిగినా పిల్ల ఎవరి పేరూ చెప్పలేదు. చేసేదిలేక, వెతుక్కుంటూ వచ్చిన తాతకే అప్పగించింది.

ముసలాయన సరిగ్గా వాతల మీదే చెయ్యి బిగించి మనవరాలిని ఎత్తుకున్నాడు.

"ఏడవాకు పాపా. అబ్బ వచ్చినాడు గదా."