గోపురం ఎక్కినవాడు

నోరులేనివారి మొరను సైతం ఆలకించే తండ్రీ, ఈ కథకు ముందుగా నీ పాదాలకు మ్రొక్కు.

గంటగోపురం మెట్లు దిగుతున్న మూగవాణ్ణి దర్జీ కాలరు పట్టి ఈడ్చుకొచ్చాడు.

"దొరికాడు! కప్పు మీద కర్రకు గుడ్డ కట్టి ఊపుతున్నాడు. కళ్లారా చూశా!"

యుద్ధం వచ్చాక ఆ ప్రాచీనమైన చర్చి ఆసుపత్రి అయింది. కప్పు మీద పెద్ద ఎర్ర సిలువ గుర్తు వేయించారు. అది చూసి శత్రువిమానాలు తప్పుకుపోతున్నాయి. చుట్టూ ఊరు మాత్రం తగలబడుతూనే ఉంది.

బలిపీఠం పక్క బల్ల మీద నవలారచయిత కూతురు పడుకొని ఉంది, ఆయన పక్కనే కూర్చున్నాడు. నడుం విరిగింది. కదిలిస్తే ప్రాణం దక్కదని డాక్టరమ్మ చెప్పింది.

"వీడి చేతులు చూడండి, మోచేతుల దాకా బూడిదే!" అంది నర్సు. "పైన పొగబెట్టి సైగలు చేస్తున్నాడు."

"రచయితగారూ, మీ నవల్లో ఉన్నది ఇదేగా? వెనకటి యుద్ధంలో ఈ గోపురమెక్కే కదా ఆ ద్రోహి శత్రువుకు దారి చూపించాడు!" అన్నాడు దర్జీ.

ఆ నవల చదవని ఇల్లు ఊళ్లో లేదు. ఆ ద్రోహి మాత్రం ఏ చరిత్రలోనూ లేడు. కథ రక్తికట్టాలని రచయితే పుట్టించాడు.

"అది... కథ కదండీ."

"నిప్పు లేనిదే పొగ వస్తుందా? ఊరికే రాస్తారా మీరు!"

ఆ గౌరవం ఆయన నోరు కట్టేసింది. కూతురి వంక చూశాడు. ఒకవేళ వీడు నిజంగానే ద్రోహి అయితే?

"ఏమో... వీణ్ణి ఉంచుకోవడం మంచిది కాదేమో."

మూగవాడు చేతులు జోడించాడు. పైకి చూపించాడు. మళ్లీ మళ్లీ పైకే.

"పైవాడి మీద ఒట్టేస్తున్నాడ్రోయ్!" దర్జీ నవ్వాడు. "పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందట. నడవరా బయటికి!"

"నాన్నా, పొద్దున నాకు నీళ్లు తాగించింది ఆయనే..."

"నువ్వు మాట్లాడకు తల్లీ, ఆయాసమొస్తుంది."

తలుపు మూశారు. గడియ పెట్టారు. మూగవాడు చాలాసేపు తలుపు కొట్టాడు. తరువాత ఆ చప్పుడూ ఆగింది.

ఆ వారమంతా ఆకాశం నుంచి బూడిద రాలింది. మంచుకు తడిసి అట్టకట్టింది.

ఒక ఉదయం విమానాల మోత వినిపించింది.

"భయం లేదమ్మలూ. గుర్తు చూసి పోతాయి," అన్నాడు రచయిత కూతురితో.

పోలేదు.

సాయంకాలానికి రచయిత ఒట్టిచేతులతో శిథిలాలను తవ్వుతున్నాడు. కూతురి చెయ్యి దొరికింది. చల్లగా ఉంది. ఆ చేతిని వదలకుండానే, మీద పడివున్న కప్పు పలకను పక్కకు నెట్టబోయాడు. అట్టకట్టిన బూడిద పెచ్చులుగా ఊడింది.

అడుగున ఎర్రరంగు.

పలక పక్కనే గుడ్డ కట్టిన కర్ర. గుడ్డంతా బూడిద.

ఇన్నాళ్లూ రోజూ కప్పెక్కి, ఆ ఎర్ర సిలువ ఆకాశానికి కనబడేలా తుడిచి, తన కూతురికి ఊపిరి నిలిపినవాణ్ణే తాను గడప దాటించానని, తుడవడానికి కప్పే మిగలనినాడు ఆయన తెలుసుకున్నాడు.

ఈ కథ విన్నవారందరి కప్పుల మీద ఆ తండ్రి కావలి ఉండుగాక. ఆయన పంపిన కావలివాడు వచ్చిననాడు వారి తలుపులు తెరచి ఉండుగాక.