మన కేసు

“మన కేసు పిలిచారా?” అంది ముసలామె.

“ఇంకా లేదమ్మా. ఏదో గోడ తగాదా నడుస్తోంది,” అంది దర్జీ.

కోర్టు వరండాలో గోడకు ఆనించిన బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ముసలామెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. మనుషులు మసకగా కదులుతారు తప్ప మొహాలు ఆనవు. మొదటి వాయిదాకు ఒక్కతే వచ్చి, ఏ గదిలోకి వెళ్లాలో తెలియక రోజంతా మెట్ల మీద కూర్చుండిపోయింది. అది చూశాక దర్జీకి ఆమెను వదిలేయబుద్ధి కాలేదు. అప్పటినుంచీ వాయిదా ఉన్నప్పుడల్లా కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, ఆమె చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తుంది. సాయంత్రం మళ్లీ అలాగే దింపుతుంది. ఏళ్ల తరబడి ఇదే నడక.

ఈ రోజు తీర్పు.

ముసలామె కొడుకు తాపీమేస్త్రీ. అతని భార్య పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు. పురుడు పోసిన మంత్రసాని చేతబడి చేసిందని వీధిలో ఎవరో అన్నారు. తర్వాత అందరూ అన్నారు. ఆ వీధి పిల్లలందరినీ చేతుల్లోకి అందుకున్న మంత్రసాని నెల తిరక్కుండానే మంత్రగత్తె అయిపోయింది. ఒక సాయంత్రం మేస్త్రీ తప్పతాగి, పార పట్టుకుని ఆమె వాకిట్లోకి వెళ్లాడు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

చూసినవాళ్లే బోనెక్కి ఏమీ చూడలేదన్నారు. ఒకాయన ఆ పూట ఊళ్లోనే లేనన్నాడు. ఒకావిడ అయితే ఆ వీధిలో మంత్రసాని ఉండేదన్న సంగతే తనకు తెలియదంది. “మరి మీ పిల్లలకు పురుడెవరు పోశారమ్మా?” అని ప్రభుత్వ వకీలు అడిగితే, “వాళ్లంతట వాళ్లే పుట్టారు,” అంది. కోర్టులో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు.

చూసింది చూసినట్టు చెప్పింది దర్జీ ఒక్కతే. ఆ తర్వాత వీధిలో ఆమెకు గుడ్డలివ్వడం మానేశారు. హంతకుడి తల్లని ముసలామెనూ పలకరించడం మానేశారు. ఇక వాళ్లిద్దరికీ మాట్లాడటానికి ఒకరికొకరే మిగిలారు.

టీ కొట్టాయన రెండు గ్లాసులతో వచ్చాడు.

“ఈ రోజుతో తేలిపోతుందా అమ్మా?”

“తేలుతుందటండీ.”

“కూతురంటే నీలా ఉండాలి. కంటి డాక్టరు దగ్గరికి తోడు రమ్మంటే మా కోడలు ఏమంటుందో తెలుసా? దారి కనిపిస్తోందిగా, ఇంకేం జబ్బు అంటుంది.”

ముసలామె బోసినోటితో నవ్వింది. దర్జీ గ్లాసును ఆమె చేతిలో పెట్టి, జారిపోకుండా వేళ్లు దాని చుట్టూ మూసింది.

టీ కొట్టాయన వెళ్లాక ముసలామె మెల్లగా అంది. “వాడి మీద నీకు కోపం పోలేదు కదూ.”

“పోలేదమ్మా.”

“వదిలెయ్యమని నేనూ అడగను. ఆ రోజు బోనులో నువ్వు చెప్పింది విన్నాను తల్లీ. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.”

“తక్కువా చెప్పలేదు.”

“అదీ తెలుసు.” ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “కన్నాను కనక ఏడుస్తాను. ఏమీ అనుకోకు.”

“ఏడ్చుకోమ్మా. నాకూ అదే పని.”

లోపలినుంచి పిలుపు వచ్చింది. దర్జీ లేచి, ముసలామెను లేపి, గడప ఉందని చెప్పి దాటించింది.

మేస్త్రీ బోనులో నిలబడి ఉన్నాడు. జైల్లోనే జుట్టు సగం నెరిసింది. తల్లిని చూశాడు. తల్లి చెయ్యి పట్టుకున్న చేతిని చూశాడు. తల దించేసుకున్నాడు. జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తకుండా, అరిగిపోయిన గొంతుతో చదువుకుంటూ పోయారు. వెనక వరసలో వీధివాళ్లు ఊపిరి బిగబట్టి విన్నారు. తమ పేర్లు ఎక్కడా రాలేదని రూఢి అయ్యాక ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

“ఏమన్నారు?” అంది ముసలామె.

“యావజ్జీవం అమ్మా.”

“ఉరి కాదుగా?”

“కాదు.”

ముసలామె తలూపింది. ఇన్నాళ్లూ నిటారుగా ఉన్న నడుము అప్పుడు వంగిపోయింది.

బయట వ్యాను దగ్గర పోలీసులు కాసేపు మాట్లాడుకోనిచ్చారు. ముసలామె కొడుకు మొహమంతా తడిమి చూసింది. చిక్కిపోయావంది. ఆఖరికి మేస్త్రీ, సంకెళ్లున్న చేతుల్ని దర్జీ వైపు కాస్త ఎత్తాడు.

“అమ్మని...” అని ఆగిపోయాడు.

దర్జీ అతని మొహం చూడలేదు. వ్యాను చక్రం వైపు చూస్తూ అంది, “చూసుకుంటాను.”

వ్యాను వెళ్లిపోయింది. బస్సుకు ఇంకా టైముంది. మళ్లీ వచ్చి అదే బల్ల మీద కూర్చున్నారు. ముసలామె దర్జీ భుజం మీద తల వాల్చి, ఏడ్చి ఏడ్చి అలాగే నిద్రపోయింది. వరండా ఖాళీ అవుతోంది. గ్లాసుల కోసం వచ్చిన టీ కొట్టాయన గొంతు తగ్గించాడు.

“విన్నానమ్మా. దిగులు పెట్టుకోకు. అప్పీలు ఉంటుంది. మీ అన్న బయటికొస్తాడు.”

“ఆయన మా అన్న కాదండీ.”

“మరి?”

ముసలామె తల జారిపోకుండా దర్జీ భుజం కాస్త పైకెత్తింది.

“ఆ మంత్రసాని మా అమ్మ.”