వలలో బంతి పడ్డప్పుడల్లా

“ఇప్పుడు ఊళ్లోకి రానమ్మా. సీకటి పడ్డాక వత్తాను.”

జీపు దిగి అడ్డదారిన కాఫీ తోటలోకి వచ్చిన కనక, భుజాన బ్యాగుతోనే మొక్కల మధ్య చతికిలబడింది. దేశం తరఫున ఫుట్‌బాల్ గోల్‌కీపరుగా ఆడిన మొదటి పెద్ద పోటీ. మూడు మ్యాచులూ ఓడిపోయారు. ఆఖరి దాంట్లో ఏడు గోల్స్.

“ఏటే అలాగంటావు? సిగ్నలందే గుట్టెక్కి ఊరంతా ఆకరాట సెల్లులో సూసినారు. నువ్వు కనబడితే సాలు, డప్పులే డప్పులు,” అంది తల్లి బేబి, ఎర్రటి పళ్లు ఏరి కోస్తూ.

“నేనెప్పుడు కనబడ్డాను?”

“బంతి వలలో పడ్డప్పుడల్లా నీ మొకం ఇంత పెద్దది సేసి సూపించినారు. మన కనక గుంట మళ్లీ వచ్చిందని మీ మావ ఈలేసినాడు.”

కనకకు ఒళ్లు మండింది. నవ్వే ఓపికా లేదు, ఏడ్చే ఓపికా లేదు.

“నేను గోలు తింటే ఈలేసినారా? అది ఓడిపోడమని ఒక్కరికీ తెలీదా?”

“ఆళ్లకి తెలీదు.” బేబి చేతులు ఆగాయి. “నాకూ తెలీదు. కానీ మూడోసారి నీ మొకం దగ్గరగా సూసినాను. డప్పు ఆపమన్నాను. సార్జి అయిపోతందని సెప్పి సెల్లు ఆపించేసినాను.”

కనక పక్క కొమ్మ నుంచి ఒక పండు కోసి తల్లి చేతిలో పెట్టింది.

“ఆ తరవాత ఇంకో నాలుగు పడ్డాయమ్మా.”

“పడనీ. అయి మనూరోళ్లెవులూ సూడ్నేదు. బ్యాగు దించు.”