వినే పరీక్ష

నలభై మూడేళ్ల వయసులో సోషల్ వర్క్ పీజీలో చేరాను. ఎదుటివాళ్ల కష్టాన్ని మధ్యలో అడ్డుపడకుండా వినడమే మా ప్రాక్టికల్ పరీక్ష. నా నోటికది చచ్చే చావు. రేపు పరీక్ష అనగా, మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, కష్టంలో ఉన్న మనిషిలా నటించమన్నాను.

"పది రోజులుగా కాలేజీకి వెళ్లట్లేదండీ. సాయంత్రం దాకా పార్కులో కూర్చుంటున్నాను," అంది.

నేర్చుకున్నట్టే తలూపాను. "ఇంట్లో చెప్పారా?"

"అమ్మకి తీరిక లేదండీ. చదువుకుంటోంది."

భలే కల్పించిందే అని ముచ్చటపడ్డాను. కన్నీళ్లు కూడా తెచ్చుకుంది!

"ఎంత బాగా నటించావే! మరి నాకెన్ని మార్కులు?"

"నటించలేదమ్మా. ఇలాగైతే వింటావని..."

చేతిలో పెన్ను కింద పెట్టి, కుర్చీ మా అమ్మాయి పక్కకి జరుపుకున్నాను.

"మొదట్నుంచి చెప్పు తల్లీ."