చెప్పి కొట్టిన బంతి

పాల్వంచ కాలనీ కోర్టులో స్తుతి సర్వీసుకు నిలబడింది. అవతల అక్క లిదియా రాకెట్టు ఎత్తనే లేదు.

చెల్లెలికి ఆట నేర్పింది లిదియానే. ఇద్దరూ కలిసే సెలక్షన్లకు పోయొచ్చారు. హైదరాబాద్ అకాడమీకి స్తుతి ఒక్కతే ఎంపికైందని ఈ పొద్దున పక్కింటామె చెబితే లిదియాకు తెలిసింది.

"టెన్నిస్ అంటే ఏందో తెలుసా అక్కా?" అంది స్తుతి. "ఫ్రెంచి మాటంట. 'ఇగో, తీస్కో' అని. ఎనకట బంతి కొట్టేముందు గట్ల కేకేసేటోళ్లంట, ఎదుటోళ్లు తయారుగ ఉండాలని. సెలక్షన్ల సార్ చెప్పిండు."

"నాకు చెప్పలే ఆ సార్." లిదియాకు ఒళ్లు మండింది. "నువ్వు గూడ చెప్పకుండనే కొట్టినవ్ కదనే. లిస్టొచ్చి నెలయిందంట."

స్తుతి తల దించుకుంది. "లిస్టుల మొదలు నీ పేరే ఎతికిన అక్కా. లేదు. ఇంటికొచ్చి నీకేమని చెప్పాలె?"

ఈ నెలంతా స్తుతి రోజూ అక్క చేతిలో ఓడిపోతోంది. తన ఆట మెరుగైందని లిదియా మురిసిపోయింది కూడా. చెల్లెలు కావాలనే ఓడుతోందని ఇప్పుడర్థమైంది. అసూయ కంటే ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

"ఇగ ఓడకు," అంది. "చెప్పి కొట్టు."

స్తుతి కళ్లు తుడుచుకుంది. "ఎల్లుండి పోతున్న అక్కా. తీస్కో."

బంతి రాకెట్టుకు అందకుండా దూసుకుపోయింది. ఇంత ఆట ఉందా దీని దగ్గర అనుకుంది లిదియా. కడుపులో మంట అట్లనే ఉంది. అయినా వెళ్లి బంతి ఏరుకొచ్చి చెల్లెలికి విసిరింది.

"ఇంకోటి కొట్టు."